మీరు సెలవు పెట్టిన రోజు ఆ పాపను ఎవరు చూస్తారు?

నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు ఒక జడ్పీ హైస్కూలు హెడ్మిస్ట్రెస్ రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. పదోన్నతి మీద ఆ బడికి వచ్చి ఏడాది దాటిందట. ఎనిమిదో తరగతిలో ఒక పాపకు టైప్ 1 షుగర్. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ వేసుకోవాలి. తండ్రి లేడు, తల్లి నిమ్మతోటల్లో కాయకోతకు పోతుంది. ఆ తల్లి ఈమె చేతులు పట్టుకుని, "మా పాప సంగతి ఎవురికీ చెప్పబాకండి మేడం, రేపు సమ్మందాలు రావు" అని మాట తీసుకుంది. ఈమె ఇచ్చారు.

ఆ మాట ఇప్పుడు మెడకు చుట్టుకుంది. మధ్యాహ్నం సూది పాప బాత్‌రూములో తలుపేసుకుని వేసుకుంటోంది. ఒకరోజు ఉదయం ప్రార్థనలో కళ్లు తిరిగి కూలబడిపోయింది. హెడ్మిస్ట్రెస్ గారు పక్కనే ఉండి గ్లూకోజు నీళ్లు తాగించారు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిందని స్టాఫ్‌కు సర్దిచెప్పారు గానీ ఎవరూ నమ్మలేదు. అప్పటినుంచి ఒకరిద్దరు టీచర్లు "రేపు ఏమన్నా అయితే మన మీదకొస్తాది, టీసీ ఇచ్చేద్దాం, లేదంటే కస్తూర్బా ఆడపిల్లల హాస్టల్ బడిలో చేర్చమందాం" అంటున్నారు. పీఈటీ గారు ఆటల పీరియడ్‌లో పాపను చెట్టు కింద కూర్చోబెడుతున్నారు. క్లాసులో బిస్కెట్ తిన్నదని లెక్కల టీచరు పీరియడంతా నిలబెట్టారు. ఇంట్లో అమ్మమ్మేమో, రొట్టెల పండక్కి పోయి ఆరోగ్య రొట్టె పట్టుకున్నాం గదా, ఇంకా ఈ సూదులెందుకని మొదలుపెట్టింది. అదే బడిలో ఫిట్స్ వచ్చే బాబు ఒకడు, ఆయాసంతో బాధపడే పిల్లలు ఇద్దరు ఉన్నారు. "నేను డాక్టర్ని కాదు, నర్సునూ కాదు. తల్లికిచ్చిన మాట తప్పాలా, ఎవరికీ చెప్పకుండా ఇలాగే నెట్టుకురావాలా?" అని అడిగారు.

మేడమ్ గారూ,

మీ ఉత్తరంలో ప్రశ్నగా రాయని ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఆరోజు నేను బడిలోనే ఉన్నాను కాబట్టి సరిపోయింది" అన్నారు. లేని రోజు మాటేమిటి? మీటింగని నెల్లూరు పోతారు, స్కూల్ కాంప్లెక్స్ పని పడుతుంది, ఇంట్లో ఓ శుభకార్యం వస్తుంది, మీకే జ్వరం తగులుతుంది. ఆ రోజుల్లో, ఆ పాప ఒంట్లో ఏం జరుగుతోందో తెలిసిన పెద్దమనిషి బడిలో ఒక్కరూ ఉండరు. మాట నిలబెట్టుకోవడమా, తప్పడమా అని మీరు నలిగిపోతున్నారు గానీ, నా లెక్కలో అసలు చిక్కు ఇది. మీరు చేస్తున్నదంతా మంచిదే, కాకపోతే అంతా మీ ఒక్కరి మీదే నడుస్తోంది.

ముందు తల్లి సంగతి. ఆమె భయాన్ని మూర్ఖత్వం కింద కొట్టేయకండి. ఆడపిల్లకు సూదుల జబ్బన్న పేరు పడితే ఊళ్లో ఏమనుకుంటారో ఆమెకు మనకన్నా బాగా తెలుసు. అయితే ఆమె దాచమన్నది ఎవరి దగ్గర? ఊరి దగ్గర, చుట్టాల దగ్గర. క్లాస్ టీచర్ దగ్గర కూడా దాచాలని ఆమె అనుకుంటోందా? బహుశా ఆమెను ఎవరూ అలా విడదీసి అడిగి ఉండరు. మీరు అడగండి. కబురుపెట్టి పిలిపిస్తే కూలి పోతుంది, పంచాయితీ పెట్టినట్టూ ఉంటుంది. మీరే ఇంటికి పోతే పెద్ద మేడం ఎందుకొచ్చిందని ఇరుగుపొరుగు ఆరా తీస్తారు. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి వచ్చినప్పుడు మిగతావాళ్లు వెళ్లాక కూర్చోబెట్టుకోండి. పాపను కూడా పక్కనే ఉంచుకోండి. "నేను లేని రోజు పాప పడిపోతే ఎవరు చూడాలి? ఇద్దరు ముగ్గురి పేర్లు మీరిద్దరే చెప్పండి" అని అడగండి. పేర్లు వాళ్లు చెప్పినవైతే మీరు మాట తప్పినట్టు కాదు, ఆ మాటను ఆమే కాస్త సడలించినట్టు. పాప ఎవరి పేరు చెబుతుందో వినండి. పదమూడేళ్ల పిల్ల రోజూ తన పొట్టలో తనే సూది గుచ్చుకుంటోంది. ఈ జబ్బు గురించి మీ బడిలో అందరికన్నా ఎక్కువ తెలిసింది తనకే.

అప్పటికీ తల్లి ససేమిరా అంటే? ఫలానా ఒక్కరికి చెబుతున్నానని, ఎందుకు చెబుతున్నానో కూడా ఆమెకే ముందు చెప్పి, అప్పుడు ఆ ఒక్కరికి చెప్పండి. ఆమెకు కోపం వస్తుంది, కొన్నాళ్లు మీతో మాట్లాడకపోవచ్చు. అది భరించాల్సిందే, ఎందుకంటే షుగర్ పడిపోయిన పిల్లకు నిమిషాలే సమయం ఉంటుంది. చాటుగా మాత్రం చెప్పకండి. అలా చెప్పారని తర్వాత తెలిస్తే ఆ తల్లి మిమ్మల్ని మళ్లీ నమ్మదు. అప్పుడు ఆసుపత్రి కాగితాలు గానీ, ఇంట్లో సూది మానేసిన కబురు గానీ మీదాకా రావు.

దీనికి పూర్తిగా అటువైపు కొస కూడా ఒకటుంది. ప్రార్థనలో అందరికీ చెప్పేయడం, స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టేయడం. కొన్ని బళ్లలో ఇది మంచి మనసుతోనే చేస్తారు, పిల్లలంతా అర్థం చేసుకుని తోడుంటారని. చిన్న పిల్లల్లో ఒక్కోసారి అలా జరుగుతుంది కూడా. ఎనిమిదో తరగతి ఆడపిల్ల విషయంలో, అదీ తల్లి ఇంత భయపడుతున్న ఊళ్లో, నేనైతే ఒప్పుకోను. గ్రూపులో పెట్టిన మెసేజ్ సాయంత్రానికి ఊరు దాటుతుంది. తల్లిదండ్రులంతా వచ్చే మెగా పీటీఎంలో మైకు పట్టుకుని చెప్పడమంటే ఇంకా ఘోరం. పెద్దయ్యాక తన స్నేహితులకు చెప్పుకోవాలో వద్దో పాప తేల్చుకుంటుంది.

కాబట్టి తల్లి ఒప్పుకుంటే తెలియాల్సింది మొత్తం నలుగురికి. మీకు, మీరు లేనప్పుడు ఇన్‌చార్జి చూసే అసిస్టెంట్ గారికి, క్లాస్ టీచర్‌కు, పీఈటీకి. వంట ఏజెన్సీ ఆమెకు జబ్బు పేరు చెప్పనక్కర్లేదు, "ఈ పాపకు భోజనం ఆలస్యం చేయొద్దు" అంటే చాలు. ఈ నలుగురి దగ్గర ఒకే ఒక్క పేజీ ఉండాలి. పాప చూపించుకునే డాక్టర్ చేతో, మీ పీహెచ్‌సీ డాక్టర్ చేతో రాయించి సంతకం పెట్టించండి. షుగర్ పడిపోయేటప్పుడు ఈ పాపకు ఏమవుతుందో అందులో ఉండాలి. ఒకరికి చెమటలు పడతాయి, ఒకరికి చేతులు వణుకుతాయి, ఒకరు ఊరికే చిరాకుపడి ఎదురు మాట్లాడతారు. ఈ చివరిది పొగరనుకుని దెబ్బలు తిన్న పిల్లలున్నారు.

ఏం చేయాలన్నది నిజానికి చిన్న సంగతి, భయపడినంత లేదు. షుగర్ చూసే మీటర్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే, లేదా మీటర్ దగ్గర లేకపోయినా ఆ లక్షణాలు కనిపిస్తే, మూడు చెంచాల పంచదారో గ్లూకోజు పొడో నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్లీ చూడాలి. పెరగకపోతే మరోసారి ఇవ్వాలి. తేరుకున్నాక బిస్కెట్లో, కాస్త అన్నమో పెట్టాలి. ముందే చిక్కీ పెడితే లాభం లేదు, అందులో వేరుశనగ నూనె వల్ల చక్కెర మెల్లగా ఎక్కుతుంది. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో చుక్క నీళ్లు కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయడమే. పాపను ఒంటరిగా వదలకూడదు, "పోయి కాసేపు పడుకో" అని స్టాఫ్‌రూముకు ఒక్కదాన్నే పంపకూడదు. రెండోవైపు ప్రమాదం ఇన్సులిన్ మానేసినప్పుడు వస్తుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, ఊపిరిలో పండిన పండు వాసన. దీన్ని గ్యాస్ అనుకుని సోడా తాగించి ఇంటికి పంపుతారు. ఇది కనిపిస్తే తల్లికి ఫోన్ చేస్తూనే ఆసుపత్రికి కదలాలి. ఇదంతా పీహెచ్‌సీ డాక్టర్ గారో, మీ ఊరి ఏఎన్‌ఎమ్మో ఆ నలుగురినీ కూర్చోబెట్టి అరగంటలో చెప్పేస్తారు.

బాత్‌రూములో సూది నాకు మింగుడుపడలేదు. మీ గదిలో బీరువా చాటున ఒక కుర్చీ, అడ్డంగా ఒక తెర, చేతులు కడుక్కోవడానికి నీళ్లు, వాడిన సూదులు వేయడానికి మూత బిగుతుగా ఉండే మందపాటి ప్లాస్టిక్ డబ్బా. ఆ డబ్బా నిండాక ఏఎన్‌ఎమ్‌కు ఇస్తే సరి. వాడుతున్న ఇన్సులిన్ మామూలు గది వేడిలో నెల దాకా ఆగుతుంది. కానీ వేసవి దగ్గరపడే కొద్దీ మన నెల్లూరు వేడి మామూలు గది వేడి కాదు. తడిబట్ట చుట్టిన చిన్న మట్టికుండలో పెట్టండి. ఐసు ముక్కల మీద పెట్టకూడదు, గడ్డకడితే పనికిరాదు. గ్లూకోజు డబ్బా, మీటర్, ఆ పేజీ ఒకచోట ఉంచండి. మళ్లీ అదే మాట చెబుతున్నాననుకోకండి: వాటిని తాళం వేసే బీరువాలో పెట్టి తాళం మీ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్లిపోకండి. విడిగా పాప సంచిలో ఒక పొట్లం ఎప్పుడూ ఉండాలి.

ఇక "మన మీదకొస్తాది" అన్న టీచర్ల సంగతి. వాళ్లను చెడ్డవాళ్లని అనుకోవద్దు. యాప్‌ల పనికే పొద్దు చాలడం లేదని మీరే రాశారు, దానికి తోడు ఒక పిల్ల ప్రాణం అంటే ఎవరికైనా గుండె జారుతుంది. భయం తగ్గాలంటే నీతులు చెప్పి లాభం లేదు, నియమాలు చూపించాలి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో టైప్ 1 షుగర్ పిల్లల గురించి అన్ని రాష్ట్రాల విద్యాబోర్డులకూ లేఖ రాసింది. డాక్టర్ సలహా మేరకు క్లాసులో షుగర్ చూసుకోనివ్వాలి, ఇన్సులిన్ వేసుకోనివ్వాలి, మధ్యలో తిననివ్వాలి, ఆటలాడనివ్వాలి అన్నది దాని సారం. మీరు రాయించే డాక్టర్ కాగితం ఈ లేఖకు జతపడితే టీచర్‌కు అదే రక్ష. ప్రమాదంలో ఉన్నవాళ్లకు మంచి ఉద్దేశంతో చేసిన సాయం నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతుంది, పాత ఐపీసీలో ఇది 92. తెలిసీ ఏమీ చేయకుండా నిలబడితేనే తర్వాత సమాధానం చెప్పుకోవడం కష్టం.

టీసీ మాట ఇంక ఎత్తనివ్వకండి. విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. కస్తూర్బా సంగతి వేరు. అక్కడ ఏఎన్‌ఎం ఉంటుంది, భోజనం వేళకు పెడతారు, పగలంతా తోటలో ఉండే తల్లికి అది నిజంగానే వెసులుబాటు కావచ్చు. కాకపోతే షుగర్ నిద్రలో కూడా పడిపోతుంది. రాత్రి రెండింటికి డార్మిటరీలో ఆ పిల్ల వణుకును పసిగట్టేది ఎవరు? ఇంట్లో అయితే పక్కలో తల్లి ఉంటుంది. అక్కడి ప్రత్యేకాధికారితో మీరు ముందు మాట్లాడి, రాత్రిపూట ఏర్పాటు ఏమిటో తెలుసుకుని, ఆ వివరం తల్లీబిడ్డల ముందు పెట్టండి. వాళ్లు కావాలని వెళితే మంచిదే. మీ స్టాఫ్ బరువు దించుకోవడానికి పంపితే మాత్రం అది టీసీకి ఇంకో పేరు.

పీఈటీ గారికి ఒక్క పేరు చెప్పండి, వసీం అక్రమ్. 1997లో ఆయనకు షుగర్ బయటపడింది, 2003 దాకా అంతర్జాతీయ క్రికెట్‌లో ఫాస్ట్ బౌలింగ్ వేశాడు. ఆటకు ముందు మీటర్ చూసుకోవడం, తక్కువగా ఉంటే ఏదైనా తినడం, జేబులో గ్లూకోజు ఉంచుకోవడం, అంతే. గట్టిగా ఆడిన రోజున సాయంత్రమో రాత్రో కూడా షుగర్ పడవచ్చు, ఆ సంగతి తల్లికి తెలియాలి. లెక్కల టీచర్‌కు జబ్బు పేరు చెప్పాల్సిన పని కూడా లేదు. "డాక్టర్ చీటీ ఉన్న పిల్లలు క్లాసులో తినొచ్చు, నీళ్లు తాగొచ్చు, అడగకుండా బయటికి పోవచ్చు" అని మీ సంతకంతో బడి మొత్తానికి ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఆయాసం పిల్లలకూ అదే వర్తిస్తుంది, ఈ పాప ఒక్కతే వేరుగా కనిపించదు. నిలబెట్టినందుకు ఆవిడ చేత అందరి ముందూ క్షమాపణ చెప్పించాలన్న ఆలోచన వస్తే మానుకోండి, దాంతో గుట్టు బయటపడుతుంది.

మధ్యాహ్న భోజనం గురించి ఒక అపోహ ఉంటుంది. రాగి జావలో బెల్లం ఉంది, చిక్కీలో బెల్లం ఉంది కాబట్టి ఆ పాపకు పెట్టకూడదని, అన్నం మాత్రం ఎంతైనా పెట్టొచ్చని. అన్నం కూడా ఒంట్లోకి పోయాక చక్కెరే. ఎంత తింటే ఎంత ఇన్సులిన్ అన్న లెక్క ఆసుపత్రిలో పాపకు నేర్పుతారు. అసలు జాగ్రత్త వేళ దగ్గర ఉండాలి. సూది వేసుకున్నాక అన్నం ఉడకలేదనో, వరుస పెద్దగా ఉందనో అరగంట ఆలస్యమైతే అదే ప్రమాదం. ఆ పాపకు ముందు వడ్డించాలి, లేదా పళ్లెం చేతికొచ్చాకే సూది వేసుకోవాలి. ఏది కుదురుతుందో మీరు చూసుకోండి.

అమ్మమ్మతో వాదన పెట్టుకోవద్దు. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి మనవరాలి కోసం ఆరోగ్య రొట్టె పట్టుకున్న మనిషి ఆమె, ఆ ప్రేమ మీద మాట పడితే ఎదురుతిరుగుతుంది. "రొట్టె పట్టుకున్నావు, మంచిది. సూది కూడా వేసుకోనీ" అనండి. ఇది మందు మానేయగల జబ్బు కాదని, పిల్ల ఒంట్లో ఇన్సులిన్ తయారు కావడమే ఆగిపోయిందని, మిఠాయిలు తిన్నందువల్ల వచ్చింది కాదని మెల్లగా చెప్పాలి. ఇన్సులిన్ మందుగా తొలిసారి ఎక్కించింది 1922 జనవరిలో, కెనడాలోని టొరంటోలో, లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి. అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఏడాదో రెండేళ్లో బతికేవారు. ఇది మీ నోటి నుంచి కన్నా ఏఎన్‌ఎం నోటి నుంచి వస్తే ఎక్కువ పనిచేస్తుంది. మీరు అనుమానించాల్సిన రోజు ఎలా ఉంటుందంటే, మధ్యాహ్నం పాప సూది తెచ్చుకోలేదు, అడిగితే తల దించుకుంది. ఆరోజే తల్లికి ఫోన్ చేయండి.

వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం ఆ తల్లిని ఎవరో తిప్పుతున్నారని రాశారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి గానీ టైప్ 1 షుగర్ లేదు. కూలి మానుకుని క్యాంపు చుట్టూ తిరగొద్దని చెప్పండి. ఆ ఓపిక నెల్లూరు పెద్దాసుపత్రిలో ఇన్సులిన్, స్ట్రిప్పులు క్రమంగా దొరికేలా చూసుకోవడానికి పెడితే మేలు. ఆసుపత్రికి పోయిన రోజుల పాఠాలు ఎవరు చెబుతారన్నది క్లాస్ టీచర్‌కు అప్పగించండి. నోట్సు ఒక స్నేహితురాలు ఫోన్లో పంపితే సరిపోతుంది.

ఫిట్స్ బాబుకూ ఇదే పద్ధతిలో ఒక పేజీ కావాలి. ఫిట్స్ వచ్చినప్పుడు తాళాల గుత్తి చేతిలో పెట్టడం మన బళ్లలో ఇంకా మానలేదు. దాంతో ఏమీ ఆగదు, అది దానంతటదే ఆగినప్పుడు తాళాలకు పేరొస్తుంది. గట్టిగా అదిమి పట్టుకోకూడదు, నోట్లో గుడ్డలు కుక్కకూడదు. చుట్టూ ఉన్న బెంచీలు జరిపి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే 108. ఆయాసం పిల్లల ఇన్హేలర్ వాళ్ల జేబులోనే ఉండాలి, క్లాసు ఊడ్చేటప్పుడు వాళ్లను బయటికి పంపాలి.

పాప పదో తరగతికి వచ్చే సంవత్సరం పరీక్షలకు చాలా ముందే, డాక్టర్ చీటీ జతచేసి, పరీక్ష హాల్లోకి మీటర్, గ్లూకోజు, నీళ్లు అనుమతించమని డీఈఓ గారికి రాయండి. సీబీఎస్‌ఈ 2017లోనే తన బోర్డు పరీక్షల్లో ఇటువంటి వెసులుబాటు ఇచ్చింది, కమిషన్ లేఖలోనూ ఉంది, ఆ రెంటినీ ప్రస్తావించండి. హాల్ టికెట్లు వచ్చాక రాస్తే చీఫ్ సూపరింటెండెంట్ దయ మీద ఆధారపడాలి.

ఆలోగా మీకే బదిలీ కావచ్చు. చార్జి అప్పగించే రోజు క్యాష్‌బుక్కు, స్టాక్ రిజిస్టర్లతో పాటు ఆ రెండు పేజీలూ కవరులో పెట్టి కొత్తగా వచ్చినవాళ్ల చేతికే ఇవ్వండి. ఇచ్చే ముందు ఆ తల్లికి ఒక ఫోన్ చేసి, ఎవరికి ఇస్తున్నారో చెప్పండి.